పుట్టగొడుగు మీద స్టీలు బేసిన్

మేముండేది మేడ మీది గది. తలుపు తీస్తే డాబా, డాబా మూలన పొట్టి ఇనుప స్తంభం, దాని నెత్తిన తెల్లటి గుండ్రటి డొప్ప. వాతావరణం ఆఫీసువాళ్ళు పెట్టిన యంత్రం. మా అత్త దానికి పుట్టగొడుగని పేరు పెట్టింది.

మా ఆయన పెద్ద పెద్ద భవనాల బయటి గోడలకు రంగులు వేస్తాడు. వాన వచ్చే ముందు ఆ ఆఫీసు నుంచి ఫోనుకు మెసేజ్ వస్తుంది. వస్తే చాలు, అందరూ పరంజా దిగిపోతారు. మొన్న మధ్యాహ్నం మెసేజ్ రాలేదు, వాన మాత్రం విరుచుకుపడింది. తడిసిన పలక మీద కాలు జారి మా ఆయన చెయ్యి విరిగింది.

"నెత్తిన కూర్చుని కూడా చెప్పలేకపోయింది, దిక్కుమాలిన పుట్టగొడుగు!" అని అత్త దాన్ని తిట్టని పూట లేదు.

ఆ మధ్యాహ్నం దాని మీద స్టీలు బేసిన్ బోర్లించింది నేనే. ఆ ఒక్కరోజే కాదు, ఎండలు ముదిరినప్పటి నుంచీ అదే పని. బాబు పడుకోగానే బోర్లించేదాన్ని, లేవగానే తీసేసేదాన్ని. వాడి ఉయ్యాల సరిగ్గా ఆ మూల గోడ పక్కనే. అందులోంచి కిరణాలొస్తాయి, పసివాళ్ళ తలకు మంచివి కావు అని ఎవరో అన్నారు. నిజమేనా అని ఎవరినైనా అడుగుదామంటే, సగంలో బడి మానేసినదాన్ని, నవ్వుతారేమోనని సిగ్గు.

ఇవాళ ఆ యంత్రాలు చూసే ఆవిడ పనిముట్ల సంచితో వచ్చింది.

"దీన్ని విప్పి తీసుకెళ్తున్నానమ్మా. మధ్యాహ్నమైతే చాలు, మూగబోతోంది."

"తీసుకుపో తల్లీ, పీడా పోతుంది! దానికంటే మా మనవడు నయం, వాన రాకముందే తడిపేస్తాడు," అని అత్త నీళ్ళ బిందెతో కిందికి దిగింది.

"మరి మెసేజ్‌లు?" అన్నాను.

"ఈ వైపుకు ఇదొక్కటే. కొత్తది వచ్చేదాకా కష్టమే."

కట్టు విప్పగానే మా ఆయన మళ్ళీ పరంజా ఎక్కుతాడు. ఆవిడ అప్పటికే ఒక బోల్టు వదులు చేసేసింది.

"మేడమ్, అది చెడిపోలేదు. నేనే మూత పెట్టాను."

"దేంతో?"

బాబుకు స్నానం చేయించే బేసిన్ తెచ్చి చూపించాను. ఆవిడ పిట్టగోడ మీద కూలబడింది.

"ఎందుకమ్మా?"

"కిరణాలు... బాబుకి..."

"అయ్యో, ఇది ఏమీ పంపదమ్మా! వింటుంది, అంతే. ఫోన్లో దారి చూపించే ఉపగ్రహాలున్నాయే, వాటి సంకేతాలు అందుకుంటుంది. గాలిలో తేమ పెరిగితే అవి పిసరంత ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని బట్టే పైన ఎంత నీరుందో లెక్కకడతాం. అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా!"

"అయితే ఆ రోజు మూత లేకపోతే, మెసేజ్ వచ్చేదా?"

ఆవిడ బోల్టు మళ్ళీ బిగించింది. "వచ్చేదేమో. వచ్చేది కాదేమో. నేనెలా చెప్పగలను?"

కసిరినా బాగుండేది. యంత్రాన్ని అక్కడే వదిలి, ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళిపోయింది.

గదిలోకి వెళ్ళి, మంచం పట్టెను పట్టుకుని, మా ఆయనకు అంతా చెప్పేశాను. ఆయన తన కట్టు వేపు చూసుకున్నాడు.

"నిజంగా కిరణాలేం లేవట?"

"లేవట."

బాబు లేచి ఏడుపందుకున్నాడు. వాణ్ని ఇలా ఇవ్వమన్నట్టు ఆయన మంచి చెయ్యి చాపాడు. నా మొహం మాత్రం చూడలేదు.

మెట్ల మీద బిందె చప్పుడు వినిపించింది.

"అమ్మకు చెప్పకు," అన్నాడు మెల్లగా. "నిన్ను బతకనివ్వదు."

అత్త వస్తూనే డాబా మూలకు చూసింది. "ఇంకా ఇక్కడే ఏడ్చిందా ఈ పాపిష్టిది! నా బిడ్డ ఉసురు తగలకుండా పోతుందా?"

బిందె అందుకున్నాను. నా చేతుల్లో నీళ్ళు తొణికి ఆవిడ కాళ్ళ మీద పడ్డాయి.