బంగాళాదుంప ముక్కల్లో పురుగులు

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. తప్పులు దొర్లుతాయి, పేజీకి ఒక పూట పడుతుంది, ఓర్చుకోండి. జూజా అక్క రాయమంటేనే ఇది రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట, ఆస్ట్రేలియాలో మా మకై ఊరి పల్లపు పొలాల్లో చెరకు నాటకముందు వ్యవసాయ శాఖ నుంచి మిస్ ప్రౌస్ వచ్చింది. జూజా వాళ్ళ పొలంలోనూ, పక్కనున్న మా పొలంలోనూ ఇరవయ్యేసి చోట్ల బంగాళాదుంప ముక్కలు పాతి, గుర్తుకు పుల్లలు గుచ్చింది.

"పది రోజులకి తవ్వి చూస్తా. తీగపురుగులుంటే ముక్కల్లోకి దూరతాయి. అప్పుడు నాటొచ్చో లేదో చెబుతా" అంది.

వెల్లకిలా పడితే టక్కుమని ఎగిరే పెంకుపురుగు పిల్లే తీగపురుగు. నేలలో చేరి చెరకు ముచ్చెల, అంటే నాటే గడ ముక్కల, మొలక కళ్ళు తినేస్తుంది.

తొమ్మిదో రోజు జూజా ఒక ముక్క తవ్వింది. పసుపుపచ్చగా నాలుగు పురుగులు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బయటి మనిషి వస్తుందంటే వాకిలి మెట్లు కూడా తోమే ఇల్లాలు. పొలంలో పురుగులంటే బిడ్డ తలలో పేలు కనబడినట్టే ఆమెకు. ఇరవై చోట్లా తవ్వి, పురుగులన్నీ ఏరి కోళ్ళకు వేసి, కొత్త ముక్కలు పాతేసింది.

మర్నాడు మిస్ ప్రౌస్‌కు జూజా వాళ్ళ ముక్కలన్నిట్లో ఒక్క పురుగే దొరికింది. "ఇది చెరకు జోలికి రాదు. సాటి పురుగుల్ని తింటుంది. నిశ్చింతగా నాటండి" అని వెళ్ళిపోయింది.

నాటారు. నెల తిరిగినా జూజా వాళ్ళ పొలంలో సగం సాళ్ళకు మొలక లేదు.

ఆదివారం చర్చి వసారాలో పక్క పొలం విస్టిన్, అంటే మా ఆయనే, జూజా భర్త కార్మ్నుని పట్టుకున్నాడు.

"ఏం కార్మ్నూ, పొలానికి గుండు కొట్టించావా?"

"నన్నడుగుతావేంట్రా, ఆ చదువుకున్న పిల్లనడుగు! ఒక్కటే పురుగుందట!"

"పైవాళ్ళకి చెప్పి ఆ పిల్లని పంపించేద్దాం" అన్నాడు మా ఆయన.

జూజా చెప్పులకేసి చూస్తూ నిలబడింది.

సోమవారం మిస్ ప్రౌస్ తనే జూజా వాళ్ళింటికి వచ్చింది. చేతిలో పెట్టె, అందులో సూదులకు గుచ్చిన పెంకుపురుగులు.

"ఈ చుట్టుపక్కలవే పదమూడు రకాలు. చెరకు తినేవి రెండే. పురుగులుండడం తప్పేం కాదమ్మా, ప్రతి నేలలోనూ ఉంటాయి. నేనే ఎక్కడో పొరబడ్డాను. ఈ పని నాకు చేతకాదని రాసిచ్చేస్తా."

జూజా అడ్డుపడింది. "నువ్వు పొరబడలేదమ్మా. ముందురోజే నేను ఏరేశా. డెబ్బై పైనే."

"ఏరేశావా? ఎందుకే?" అన్నాడు కార్మ్ను.

"మనల్ని శుభ్రం లేనివాళ్ళంటారని."

ఆయన మిస్ ప్రౌస్ వైపు ఒకసారి చూశాడు. జూజాతో, "అందరి ముందూ ఈ పిల్లని తిట్టా. అక్కడే నువ్వు చెప్పాలి" అన్నాడు.

చెప్పింది. మరుసటి ఆదివారం, అదే వసారాలో. ఒక్కరూ నవ్వలేదు. మా ఆయన మాత్రం ఇంటికొచ్చాక, "ఎంత బుర్ర తక్కువ మనిషో!" అన్నాడు. నేను గిన్నెలో సూప్ కలుపుతూ ఊఁ అన్నాను. మిస్ ప్రౌస్ తవ్వకముందే మా పొలం ముక్కల్లోంచి నేనూ ముప్పై ఏరేశాను. అవి చెరకు తినని రకం కాబోలు, మాకు మొలకలన్నీ వచ్చాయి.

ఫిలోమెనా, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడుండేది మకైలో, జూజా అక్క ఇంటి వెనక గదిలో.