పెద్దసారు గది

"వచ్చే ఎండాకాలం లోపల రికార్డు గదిలో చల్లగాలి మిషను తప్పక పెట్టించబడును. కావున ఆ గది గుమాస్తాకు వేసవి సెలవు అవసరము లేదు."

నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసు. అక్కడి రికార్డు గది తలుపుకు ఈ కాగితం 1968 నుంచీ అంటించి ఉంది. ఐదు ఎండాకాలాలు వచ్చి పోయాయి. మిషను రాలేదు. సెలవు మాత్రం ఆ ఏడాదే ఆపేశారు. సర్కారు మాటలో సగమైనా నిలబడిందని సంతోషించాలి కాబోలు.

ఆ గది గుమాస్తా రామచందర్ ఎండకు కరిగే మనిషి. 1956లో ఉద్యోగంలో చేరినప్పుడు ఆరడుగుల రెండంగుళాలు. చలికాలంలో కొంత ఎత్తు తిరిగొచ్చేది కాని, రేకుల కప్పు కింద మేలో పోయినంత ఎన్నడూ రాలేదు. ఆఫీసు సర్దుకుపోయింది. ముందు కుర్చీ మీద దిండు వేశారు, తర్వాత మేజా కాళ్లు కోయించారు. టీ తెచ్చే అటెండరు రాజనర్సు కప్పును కింద పీట మీద పెట్టడం అలవాటు చేసుకున్నాడు. పోయిన మే ఒక్క నెలలో మూరెడు పోయింది. ఈ మే మొదటి వారానికి మిగిలింది మూరన్నర.

రోజూ పొద్దున్నే మేనల్లుడు విద్యాసాగర్ ఆయన్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, తల మీద తడి తువ్వాలు కప్పి తెచ్చి దింపేవాడు. సాగర్‌కు ఇరవై మూడేళ్లు. అబిడ్స్‌లో చల్లగాలి మిషన్ల దుకాణంలో మెకానిక్కు. ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాలన్నీ వాడి నాలుక మీదే ఉండేవి.

"దున్నేవాడికే భూమి అన్నరు గద మామా! చెమటోడ్చేవాడికే చల్లగాలి! గిదే మన నినాదం!"

"ముందుగాల సైకిలు సక్కగ తొక్కు. ఇంక్విలాబు నాంపల్లి టేషన్ దాటినంక చేద్దువు."

సాగర్ నవ్వలేదు. రోహిణి కార్తెకు ఇంకా మూడు వారాలుంది. మూరన్నరలో మూరెడు పోతే ఏం మిగులుతుందో లెక్క వేయడానికి వాడికి పుస్తకం అక్కర్లేదు.

సోమవారం దుకాణం సేటు వాడి చేతిలో ఒక చీటీ పెట్టాడు. మామ ఆఫీసు నుంచే వచ్చింది. కొత్త హెడ్డు గుమాస్తా అమరేశ్వరరావు రాసింది. ఆయన గుంటూరు నుంచి బదిలీ అయి వచ్చి నెల కూడా కాలేదు.

"మిషను పెద్దసారుగారి గదిలో బిగించవలెను."

సాగర్ చీటీని రెండోసారి చదివాడు. గుంటూరాయనకు పెద్దసారంటే డైరెక్టరు. కాని ఈ ఆఫీసులో డైరెక్టరును అందరూ సాబ్ అంటారు. పదిహేడేళ్లుగా ఇక్కడ పెద్దసారంటే ఒక్కడే. ఆరడుగుల రెండంగుళాల రోజుల్లో రామచందర్‌కు పడ్డ పేరు అది. మనిషి తగ్గినా పేరు తగ్గలేదు.

ఆఫీసుకు వెళ్లేసరికి సాబ్ ఊళ్లో లేడు. అమరేశ్వరరావు లక్డీకాపూల్‌లో మీటింగుకు పోయాడు. సాగర్ చీటీ చూపించి రాజనర్సును అడిగాడు: "అన్నా, పెద్దసారు గది ఏది?"

"ఏందిరా, ఎండ నెత్తికెక్కిందా? మీ మామ గది నీకు తెల్వదా?"

"ఎవరన్న అడిగితే గిదే మాట చెప్పు."

అది జపాను మిషను. కిటికీలో దూర్చే పెట్టె కాదు, రెండు ముక్కలు. లోపలి ముక్క చల్లగాలి ఇస్తుంది, బయటి ముక్క ఆ గది వేడిని బయట పోస్తుంది. మధ్యన రెండు రాగి గొట్టాలు. ఒకరి చల్లదనం ఇంకెవరి మీదనో వేడిగా పడుతుందని ఆ మిషను దాచకుండా ఒప్పుకుంటుంది. అందుకే సాగర్‌కు దాని మీద గౌరవం. బయటి ముక్కకు ఒకటే జాగా దొరికింది, డైరెక్టరు కిటికీకి ఎదురుగా.

నీళ్లు బయటికి జారేలా గోడకు వాలుగా బెజ్జం కొట్టి, గొట్టాలు బిగించి, గ్యాసు వదిలి మీట నొక్కాడు. వేడిగాలే వచ్చింది. ఎక్కడో బుస్సుమంది.

మధ్యాహ్నం రెండు. రేకులు చిటపటలాడుతున్నాయి. రామచందర్ కళ్లద్దాలు ముఖానికి వదులై జారిపోయాయి. సాగర్ ఆయన్ని ఎత్తి అల్మారా కింది అరలో, నీడలో కూర్చోబెట్టాడు.

"మామా, మాట్లాడుతనే ఉండు!"

"ఏం మాట్లాడాలె బిడ్డా?"

"ఫైలు నెంబర్లు చెప్పు!"

రామచందర్ చెప్పసాగాడు. ఒక్కో నెంబరుకు గొంతు సన్నబడుతోంది. సాగర్ ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాశాడు. మూడో అతుకు దగ్గర బుడగ లేచింది. ఇందాక గొట్టం నోరు వెడల్పు చేసేటప్పుడు తొందరలో అంచు చీల్చాడు. ఆ ముక్క కోసేసి, మళ్లీ వెడల్పు చేసి, బిగించి, కొత్త గ్యాసు నింపాడు. ఈసారి సన్నటి చలి, తర్వాత గదంతా చలి.

నెంబర్లు ఆగిపోయాయి. సాగర్ వెనక్కి తిరిగి చూడడానికి భయపడ్డాడు.

"అల్మారా తలుపు మూసెయ్ రా," అన్నాడు మామ. "చలి పెడ్తున్నది."

రెండో రోజు పొద్దున ఊరి నుంచి వచ్చిన డైరెక్టరు కిటికీ తెరిచాడు, వెంటనే మూశాడు. అమరేశ్వరరావు పరుగున వచ్చాడు. చేతిలో మిషను విప్పేయమనే కాగితం.

"ఏవయ్యా, పెద్దసారుగారి గదిలో పెట్టమంటే ఈ కొట్టుగదిలో పెట్టావేంటి? నా ఉద్యోగం ఊడగొడతావా?"

"పెద్దసారు గీడనే ఉంటడు గద సార్."

"ఔ సార్," అన్నాడు రాజనర్సు గుమ్మంలోంచి. "గీయనే పెద్దసారు. ఎవరినన్న అడగున్రి."

"ఈయనా?" అని అమరేశ్వరరావు నడుము కిందకు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. చూపు పైకి జరపాల్సి వచ్చింది. రామచందర్ తల ఆయన ఛాతీ దగ్గరుంది. ఆయన చూస్తుండగానే భుజం దాకా వచ్చింది.

"నమస్కారం సార్. గుంటూరు నుంచి మీ బదిలీ ఫైలు పై అరలో ఉన్నది. జర ఆగున్రి, రేపటికి చెయ్యి అందుతది."

అమరేశ్వరరావు ఒకసారి పై అరను, ఒకసారి రామచందర్‌ను చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నేను ఇది ఇవ్వలేదు, మీరు చూడలేదు. కానీ అబ్బాయ్, డైరెక్టరుగారు అడుగుతారు. ఏదో ఒకటి రాసియ్యి. కాగితం తిరిగినంతసేపు మిషనూ తిరుగుతుంది."

సాగర్ ఒక్క ఊపులో మూడు పేజీలు రాశాడు. దోపిడీ ఉంది, సంకెళ్లున్నాయి, రాబోయే ఉదయం ఉంది. రామచందర్ ఎర్ర పెన్సిలుతో అన్నీ కొట్టేశాడు.

"గివన్నీ నిజాలే బిడ్డా. కాని ఈ ఆఫీసులో తారీఖు లేని కాగితానికి విలువ ఉండదు."

చివరికి మిగిలింది ఇంతే:

"అయ్యా, ఈ ఆఫీసులో పెద్దసారు ఎవరు? రాతపూర్వకంగా తెలియజేసే వరకు మిషను ఉన్నచోటనే ఉండును. మీ జవాబు రోహిణి కార్తెకు ముందే, 1973 మే 24వ తేదీ సాయంత్రం ఐదు గంటల లోపల మాకు అందవలెను. అందనిచో ఇదియే పెద్దసారు గదిగా భావించబడును."