మా తమ్ముడి బేస్ గిటారు

మా ఆయన పౌల్‌రాజుకి ఈ లోకంలో రెండు రకాల మనుషులంటే పడదు. తనకన్నా బాగా గిటారు వాయించేవాళ్ళు ఒక రకం, తనకన్నా మంచి గిటారు ఉన్నవాళ్ళు ఇంకో రకం. మొదటి రకం ఈ హిందీవాళ్ళ ఉక్కు ఊళ్ళో మా సీతారాండేరా పేట చుట్టుపక్కల ఎక్కడా లేరు కాబట్టి మా కాపురం చాలాకాలం సుఖంగానే సాగింది. రెండో రకం మాత్రం మా ఇంట్లోంచే పుట్టుకొచ్చాడు. వాడు నా సొంత తమ్ముడు, చిన్నబాబు.

మా ఆయన ఫౌండ్రీలో పేట్రన్ షాపు మిస్త్రీ. ఉక్కుతో పోత పోయాల్సిన వస్తువుని ముందు చెక్కతో చేసి ఇచ్చే పని. నేను కాసిడీహ్‌లో టీచర్ని. ఆదివారమైతే ఇద్దరం కద్మాలో తెలుగువాళ్ళ ప్రార్థనకి వెళ్తాం. అక్కడ పాటలకి గిటారు ఆయనది. ఎవరి గిటారుకి శ్రుతి తప్పినా పౌల్‌రాజు దగ్గరికి పట్టుకురావాల్సిందే. చిన్నబాబుకి నాలుగు ముక్కలు నేర్పింది కూడా ఆయనే. నేర్పినన్నాళ్ళూ "నీకు రాదురా" అంటూనే నేర్పాడు.

ఆ ఏడు దసరా వెళ్ళాక చిన్నబాబు సెలవు మీద విశాఖపట్నం వెళ్ళి ఒక పొడుగాటి పెట్టెతో తిరిగొచ్చాడు. ఓడలో వంటపని చేసే మా చిన్న మావయ్య ఇంగ్లండు నుంచి తెచ్చి ఇచ్చాడట. మూత తీస్తే బేస్ గిటారు సామాను, అంతా విడివిడిగా ఉంది. మెట్లు బిగించిన పొడుగాటి మెడ, లావాటి తీగెలు నాలుగు, బిరడాలు, ధ్వనిని పట్టుకునే కాయిలు, తీగెలు ఆనే బ్రిడ్జి, ఎలా బిగించాలో చెప్పే ఇంగ్లీషు కాగితం. చెక్క ఒళ్ళు మాత్రం లేదు. బరువని మావయ్య దాన్ని అక్కడే వదిలేశాడు.

"బావా, బాడీ నువ్వే సెయ్యాల. నీ సెయ్యి పడితే ఇంక దానికి తిరుగేటి?" అన్నాడు చిన్నబాబు.

మా ఆయన ఆ మెడని చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి, వంకర ఉందేమోనని చూశాడు. లేదు. ఉంటే బాగుండునని ఆయన మొహంలోనే కనబడింది.

సంగతి మా పాటల మాస్టారు ఆరోగ్యస్వామిగారి చెవిన పడింది. ఆయన మహా సంబరపడిపోయి, ఈసారి క్రిస్మస్ పాటలకి బేస్ ఉండాల్సిందే అన్నారు. వాయించేదెవరని ఎవరో అడిగితే, "గిటారు ఎవరిదో వాళ్ళే వాయిస్తారు" అనేశారు. ఆ రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు.

"బేస్ గిటారంట! మూడు పాటలు సక్రంగా రావు ఎదవకి" అన్నాడు.

"ఆడిది ఆడు వాయించుకుంటాడు. మద్దిలో మీకేటి నొప్పి?"

"నేర్పింది నాను. సెక్క కోసీది నాను. అందరి ఎదర నిలబడీది ఆడా?"

కడుపుమంట అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదవనక్కర్లేదు. దానికి మూడు పూటలా వండి పెడుతున్నాను.

అయినా ఆయన చేతికి చెడ్డపని రాదు. సాక్చి బజారులో గంహార్ అనే తేలికపాటి చెక్క ఏరి తెచ్చి, డ్యూటీ నుంచి రాగానే పెరట్లో కూర్చునేవాడు. అంచులు గుండ్రంగా తిప్పి, కాయిలుకి గుంట తొలిచి, మెడ దూరే గాడిలో గోరు కూడా పట్టనంత బిగువుగా అమర్చాడు. కాగితంలో ఉన్న ఆకారం తనకి నచ్చలేదని, తొడమీద కుదురుగా ఆనేట్టు నడుం దగ్గర ఇంకాస్త లోపలికి కోశాడు. పాలిష్ పెట్టిన రోజున దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని నిమురుతూ కూర్చున్నాడు. అంతలో చిన్నబాబు సైకిలు బెల్లు వినబడింది. ఆయన మొహం మాడిపోయింది. పరాయివాడి బిడ్డకి స్నానం చేయించి తల దువ్వినట్టయింది ఆయన పని.

ఇక బ్రిడ్జి బిగించడమే మిగిలింది. మెడ పైకొసన తీగెలు ఆనే ఎముక ముక్క నుంచి బ్రిడ్జి దాకా ముప్పై నాలుగు అంగుళాలు ఉండాలని కాగితంలో ఉంది. మా ఇంట్లో కొలబద్దలు రెండు. ఒకటి మామూలుది. రెండోది షాపుది, కంట్రాక్షన్ స్కేలంటారు. పోసిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి చెక్క నమూనా కాస్త పెద్దగా చెయ్యాలి. అందుకని ఆ స్కేలు మీద ప్రతి అంగుళమూ అసలు అంగుళం కన్నా వెంట్రుకవాసి పెద్దది. పెళ్ళైన కొత్తలో నా బడి స్కేలు పక్కన పెట్టి మరీ చూపించి మురిసిపోయాడు. ఇంటిపనికి ఎప్పుడూ దాన్ని ముట్టుకోడు.

ఆ సాయంత్రం మాత్రం దాన్నే బయటికి తీశాడు.

"అది షాపుది కదండీ?" అన్నాను.

"ఏదైతేనేటి? ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే."

"నాకు సెప్పకండి ఆ మాట. ముప్పావంగుళం తేడా వత్తాది."

ఆయన స్క్రూలు బిగిస్తూనే, నా మొహం చూడకుండా, కడుపులో ఉన్నది కక్కేశాడు. "రానీ. మెట్లమీద పైకెళ్ళేకొద్దీ సుతి తప్పుద్ది. ఆడివల్ల కాదని మాస్టారు నా సేతికే ఇత్తాడు. అప్పుడు ఎవులికీ తెలీకుండా బ్రిడ్జి జరిపీసి సరి సేసుకుంతాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆడు నా తమ్ముడు! నలుగుర్లో ఆడి పరువు తీత్తారా?"

"పేణం పోద్దేటి ఆడికి?"

ప్రాక్టీసులోగా సరిచెయ్యకపోతే నేనే చెప్పేస్తానని ఖండితంగా అన్నాను. సరేలే, సరేలే అన్నాడు. చెయ్యలేదు. నాతో మాట్లాడ్డం మాత్రం మానేశాడు.

ప్రాక్టీసు రోజున ఎలాగైనా చెప్పెయ్యాలనే బయల్దేరాను. నేను వెళ్ళేసరికే చిన్నబాబు గిటారు మెడలో వేసుకుని నిలబడ్డాడు. మోత పెద్దగా రావడానికి గిటారు నుంచి వైరు తీసుకెళ్ళి మాస్టారి రేడియోకి తగిలించారు. పాట మొదలైంది. వాడు వేళ్ళు పెట్టగానే కాళ్ళ కింద గచ్చు కూడా ఝుమ్మంది. ఎక్కడా అపశ్రుతి లేదు. నేను ఆశ్చర్యంగా మా ఆయన వైపు చూశాను. ఆయన నాకన్నా ఆశ్చర్యంగా వాడి ఎడమచేతినే చూస్తున్నాడు. వాడి వేళ్ళు పైనున్న ఎముక ముక్కని ఆనుకుని మొదటి మూడు మెట్ల మీదే తిరుగుతున్నాయి. వాడికి వచ్చిందే అంత. తప్పు బయటపడేంత దూరం వాడు పోనే లేదు.

మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాడే అమ్మాయిలు చిన్నబాబు చుట్టూ మూగారు. ఏసుమణి అయితే "ఈళ్ళ బావ కన్నా బాగుందండీ" అని పైకే అనేసింది. మా ఆయన కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

"శిష్యుడే ఇలా వాయిస్తే గురువు సంగతేమిటో? ఏదీ, పౌల్‌రాజూ, నువ్వొకసారి అందుకో" అన్నారు మాస్టారు.

వద్దని కళ్ళతో సైగ చేశాను. చూడలేదు. ఆ మంటలో తను చేసిన పని తనే మరిచిపోయాడో, గిటారు మీద ఏళ్ళ తరబడి పైకీ కిందికీ పరిగెత్తిన వేళ్ళు ఆయన మాట వినలేదో, రెండు వరసలు వాయించి మూడో వరసకి జర్రున పైమెట్ల మీదికి పోయాడు. అంతే. పాట ఒక దారి, బేస్ ఒక దారి. అక్కడున్న పిల్లలకి కూడా పళ్ళు పులిశాయి. దిద్దుకోబోయి ఇంకా పైకి పోయాడు, అది ఇంకా చెడింది. ఏసుమణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమయ్యా, నీకు వినబడ్డం లేదా?" అన్నారు మాస్టారు.

మా ఆయన తీగెల మీంచి చెయ్యి తీసేశాడు. ఏం చెప్తాడు? గిటారులో తప్పుందంటే, చేసింది ఎవరంటారు.

ముందుకొచ్చింది చిన్నబాబే. "మాస్టారూ, బావనేటీ అనకండి. షాపులో దినమూ ఆ రంపాల గోల. సెవులు దెబ్బతిన్నట్టున్నాయి పాపం" అని ఆయన భుజం మీద చెయ్యేశాడు. "హై నా, బావా?"

"అవున్రా. ఈమజ్జిన సరిగ్గా ఇనబడ్డం నేదు" అన్నాడు మా ఆయన.

ఇంటికొచ్చాక మొత్తుకున్నాను. రెండు స్క్రూలు విప్పి జరపండి, వాడితో ఉన్నమాట చెప్పెయ్యండి, వాడేమీ అనుకోడు అన్నాను. "దొంగోడనిపించుకున్నదాని కంటే సెవిటోడనిపించుకోడమే నయం" అన్నాడు. దానికి తగ్గట్టే నడిచింది కూడా. ఆ వారం శ్రుతి పెట్టించుకోడానికి మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. అందరూ గిటార్లు పట్టుకుని చిన్నబాబు ఇంటికి పోయారు. ఆయన అరుగు మీద కూర్చుని, వాళ్ళు పోతుంటే చూశాడు. నాకు కోపం పోలేదు గానీ, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

చిన్నబాబు ఊరుకోలేదు. సెలవు పెట్టి, రానంటున్నా వినకుండా, మా ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు బీహారీ పెద్దాయన. మా ఆయన్ని గోడవైపు తిరిగి కూర్చోమని, వెనకనించి చెవి దగ్గర జేబుగడియారం పెట్టి, వినబడుతోందా అని హిందీలో అడిగాడు. లేదన్నాడు మా ఆయన. డాక్టరు గడియారం ఇంకా దగ్గరికి తెచ్చాడు. లేదనే అన్నాడు. వెనక బల్ల మీద కూర్చున్న నాకే టిక్కుటిక్కుమని వినబడుతోంది.

చిన్నబాబు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నావైపు వంగాడు. బావకి వినబడదనే ధైర్యంతో మామూలు గొంతుతోనే అన్నాడు:

"అక్కా, ఆ బేస్ నాది కాదే. మావయ్యకి రాసి బావ కోసమే తెప్పించినాను. క్రిస్మస్ నాడు అందరి ఎదర బావ మెడలో ఎయ్యాలనుకున్నాను. ఎలాగూ బావదే కదాని నాను ఆ మూడు మెట్లూ దాటి నేర్చుకోనేదు. ఇప్పుడిత్తే సెవుల్లేనోడిని ఎక్కిరించినట్టుంటాది. ఏటి సెయ్యనే?"

నా కళ్ళు మా ఆయన వీపు మీదే ఉన్నాయి. మెడ మొదట ఎర్రబడింది. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. భుజాలు ఒక్కసారి కదిలి ఆగిపోయాయి. ఇటు తిరుగుతాడనుకున్నాను. తిరిగి ఒక్క మాట అంటే చాలనుకున్నాను.

డాక్టరు గడియారాన్ని ఆయన చెవికి ఆనించి పెట్టి మళ్ళీ అదే అడిగాడు.

"అబ్ సునాయీ దేతా హై?"

"నహీ సాబ్" అన్నాడు మా ఆయన.