వెనక పడవ

మాస్కుల అద్దాలకు లోపలివైపు పసిపిల్లల షాంపూ ఒక్కో చుక్క వేసి, బొటనవేలితో రుద్ది, బకెట్లో ముంచి తీస్తోందామె. అలా రుద్దకపోతే నీళ్ళలోకి దిగిన కాసేపటికే అద్దం మసకబారుతుంది. అద్దం మసకబారితే కొత్తవాళ్ళకు కంగారు. కంగారులో ఊపిరి పీల్చుకునే గొట్టం నోట్లోంచి జారుతుంది, ఉప్పునీళ్ళు మింగుతారు. చుక్క షాంపూతో పోయేదాన్ని ప్రాణం మీదికి తెచ్చుకోవడం దేనికని ఆ పని ఆమె ఏనాడూ ఇంకొకరికి అప్పజెప్పలేదు.

ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నాని ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. గోళ్ళ చుట్టూ సన్నటి పగుళ్ళు. తెడ్డు వేసీ వేసీ భుజాలు పలకబారాయి. పాత చొక్కాలేవీ పట్టక, తన చొక్కాలకు తనే చంకల దగ్గర అతుకులు వేసుకుంటుంది. లైఫ్ జాకెట్ల పట్టీలు తెగినా కుట్టేది ఆమే. దారం తెగేదాకా లాగి చూసి గానీ కుట్టు బాగుందని ఒప్పుకోదు.

షెడ్డుకు అవతలి చివర ఆమె భర్త తెడ్లు జతలుగా పేర్చి గోడకు ఆనిస్తున్నాడు. కిందటి వారం నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. పడవను ఇసుక మీదికి లాగుతూ లాగుతూ ఆయన ఉన్నట్టుండి కూలబడిపోయిన రోజు మొదలైందది. మొహం బూడిద రంగుకు తిరిగి, మెడ మీద చెమట ధారకట్టింది. "తిన్నది అరగలేదులే" అన్నాడు. ముందురోజు నుంచి ఏమీ తినని మనిషికి ఏది అరగలేదో ఆమెకు అర్థం కాలేదు.

"డాక్టరుకి చూపించుకునేదాకా మీతో మాట్లాడను" అంది ఆ రాత్రి.

"మంచిదే. ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడాయన.

ఆయన పట్టిన కుందేలికి మూడే కాళ్ళు. ఆమె పట్టినదానికి అసలు కాళ్ళే ఉండవు. టీ గ్లాసు ఠక్కుమని పెడితే టీ అయిందని, గొళ్ళెం మోగితే బయల్దేరదామని. ఫోన్లో కూతురు కూడా తండ్రి వైపే. "పోనీలేమ్మా, నాన్న సంగతి తెలిసిందే కదా" అంటుంది. నాన్నకూచి. సంగతి తెలిసే కదా తన బాధంతా, అనుకుని ఆమె ఫోను పెట్టేస్తుంది.

ఆ పూట సముద్రం నూనె పోసినట్టుంది. ఒడ్డున అల విరగడం లేదు. వచ్చి, ఇసుకను తడిపి, చప్పుడు లేకుండా వెనక్కి పోతోంది. ఎప్పుడూ తెల్లటి రెట్టలతో, అరుపులతో నిండి ఉండే రాతి గుట్ట మీద ఒక్క పిట్ట లేదు. గాలి బొత్తిగా లేదు. ఆరేసిన తువ్వాళ్ళు పలకల్లా వేలాడుతున్నాయి. చూసినవాళ్ళు ఎంత మంచి రోజని మురిసిపోతారు. ఆమెకు మాత్రం ఇంట్లో పసిపిల్ల చాలాసేపుగా అల్లరి చెయ్యకపోతే కలిగే గుబులులాంటిది కలిగింది. ఆ మాట ఆయనతో అనాలని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

వచ్చినవాళ్ళు నలుగురే. ఒక కొత్త జంట, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా. ఇంకో ఇద్దరు తండ్రీకూతుళ్ళు. కూతురు పళ్ళ డాక్టరు. నడివయసు మనిషి, జుట్టు బిగించి ముడేసుకుంది. తండ్రి మాత్రం పండు ముసలి. మోకాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళు మాత్రం పండగకు వచ్చిన పిల్లాడివిలా ఉన్నాయి.

"వద్దంటే వినలేదండీ. పోయేలోగా ఒక్కసారి సముద్రం లోపల ఏముందో చూడాలట" అంది కూతురు.

"పోయేలోగా అని నేనన్లేదు. ఈ ఏడాది లోగా అన్నాను" అన్నాడు ముసలాయన.

ఆమె చూపు ఆ క్షణం నుంచీ ముసలాయన మీదే నిలిచింది. జాకెట్ పట్టీలు తనే బిగించింది. పక్కటెముకలు చేతికి తగిలాయి. పంజరంలో పిట్టలా గుండె కొట్టుకుంటోంది. ఏదైనా జరిగితే ఈయనకే, అనుకుంది.

మోకాలి లోతు నీళ్ళలో భర్త పాఠం మొదలుపెట్టాడు. గొట్టం పళ్ళతో ఎలా పట్టుకోవాలో, నీళ్ళు దూరితే ఎలా ఊదాలో చూపించాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళుగానో చెప్పే మాట చెప్పాడు. "ఈత రాకపోయినా ఫరవాలేదు. శవంలా తేలండి. చేతులు చాపి, కదలకుండా. అప్పుడు చేపలు వాటంతట అవే దగ్గరికొస్తాయి."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నీళ్ళ మీద ఆ మాట అనొద్దని పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమని ఆయన వాదన.

కయాక్ పడవలు తోసేముందు ఆయన పళ్ళ డాక్టరు వైపు తిరిగాడు. "మా ఆవిడకి ఒక మాట చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా మాట్లాడనంది. డాక్టరుగారినే వెంటబెట్టుకుని వెళ్తున్నాను కదా, ఇంక శిక్ష తీసెయ్యమనండి."

డాక్టరమ్మ నవ్వింది. "నేను పళ్ళు పీకేదాన్నండీ."

"పీకేవాళ్ళంతా డాక్టర్లే."

ఆమెకూ పెదవి చివర నవ్వొచ్చింది. వంగి పడవలోని నీళ్ళు తోడుతున్నట్టు మొహం దాచుకుంది.

బారు కదిలింది. ముందు ఆయన పడవ, దాని వెనక కొత్త జంట, వాళ్ళ వెనక తండ్రీకూతుళ్ళు, అందరికంటే వెనక ఆమె. ఆమె పని ఏమిటంటే తన వెనక ఎవరూ మిగలకుండా చూసుకోవడం. వచ్చినవాళ్ళెవరికీ ఆమె మొహం గుర్తుండదు. ఫొటోల్లో ఒక తెడ్డు చివరో, ఒక మోచెయ్యో పడుతుందంతే. ఆమె పుట్టిన ఊళ్ళో నీళ్ళంటే కుళాయి నీళ్ళే. బజారులో కుట్టుమిషను పెట్టుకుని కూర్చున్న రోజుల్లో, చిరిగిన టార్పాలిన్ గుడ్డ పట్టుకుని ఒకాయన వచ్చి సంచీ కుట్టిపెట్టమన్నాడు. కుట్టింది. మళ్ళీ వచ్చాడు, పట్టీ తెగిందన్నాడు. ఆమె కుట్టిన పట్టీ తెగదు. కత్తితో కోసిన అంచు ఆమెకు కనిపించింది. మళ్ళీ కుట్టిచ్చింది. ఆ సంబంధమే ఖాయమైంది. నీళ్ళంటే బెదిరిపోయే మనిషిని మెడ కింద అరచెయ్యి పెట్టి తేలించాడు. ఎప్పుడు చెయ్యి తీసేశాడో ఆమెకు తెలియనే లేదు. వెనక పడవ మనిషి మానేసినప్పుడు, ఈ ఒక్క సీజనుకే అని ఎక్కింది. దిగనే లేదు. కట్టుకున్నవాడి మొహం కంటే వీపే ఎక్కువ చూశానని ఆమె చుట్టాల దగ్గర అంటూంటుంది.

ఆ వీపు ఇవాళ కాస్త ఒక పక్కకు వాలింది. ఎడమ చేత్తో తెడ్డు పూర్తిగా ముంచడం లేదు. మధ్యమధ్య ఆగి నీళ్ళవైపు చూస్తున్నాడు. ముసలాయన కోసం నెమ్మదిగా పోతున్నాడు కాబోలనుకుంది. తెడ్ల నుంచి రాలే చుక్కలు కూడా వినిపించేంత నిశ్శబ్దం. నీళ్ళ కింద ఇసుక పోయి చీకటి మొదలైంది, ఆ చీకటి మీద తమ పడవల నీడలు మాత్రమే కదులుతున్నాయి.

నీళ్ళలో మునిగిన పగడపు దిబ్బ దగ్గర చిన్న ఇసుక మేట. అక్కడ దిగి అరటిపళ్ళు తిన్నారు. ఆయన తన పండు సగం విరిచి, ఆమెవైపు చూడకుండానే చెయ్యి చాపాడు. ఆమె కూడా చూడకుండానే అందుకుంది.

"రేపు పొద్దున్నే వెళ్తానని చెప్పండి" అన్నాడు డాక్టరమ్మతో. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"రేపటి మాట రేపు చూద్దామనండి" అంది ఆమె.

అలా అంది గానీ, ఒడ్డుకు చేరగానే మాట్లాడాలని అప్పటికే అనుకుంది. అందరూ వెళ్ళిపోయాక, మాస్కులు కడిగేటప్పుడు, మామూలుగా, ఏమీ జరగనట్టు.

దిబ్బ చుట్టూ నీళ్ళు రొమ్ము లోతు. అవతల మాత్రం కాలు అందదు. ఆయన కొత్త జంటను, డాక్టరమ్మను దిబ్బ అంచుకు తీసుకెళ్ళాడు. ఆమె ముసలాయన చెయ్యి పట్టుకుని లోపలివైపు ఉండిపోయింది. ముసలాయన తల ముంచాడు, తీశాడు, దగ్గాడు. కళ్ళు తేలేశాడు. గోళ్ళు ఆమె మణికట్టులో దిగబడ్డాయి. ఆమె ఆయన వీపు నిమురుతూ, "ఊదండి తాతగారూ, గట్టిగా ఊదండి, నేనున్నాను" అంటూ నిలబడింది. కాసేపటికి ఆయన ఊపిరి కుదురుకుంది. మళ్ళీ తల ముంచాడు. ఈసారి చాలాసేపు ఉండిపోయాడు. లేచి, గొట్టం తీసి, "పసుపు రంగుదమ్మా, నా వేలు కొరికి చూసింది" అన్నాడు. ఆమె గుండెల మీద నుంచి బరువు దిగింది. గండం గడిచింది.

తలెత్తి మిగతావాళ్ళను చూసుకుంది. డాక్టరమ్మ జుట్టు ముడి. కొత్త పెళ్ళికొడుకు ఎర్ర జాకెట్. పక్కనే పెళ్ళికూతురు. ముగ్గురూ తేలుతున్నారు. వాళ్ళకు కొంచెం అవతల ఆయన చేతులు బార్లా చాపి, బోర్లా, కదలకుండా ఉన్నాడు. ఆయన్ని చూసి కొత్త జంట కూడా అలాగే చేతులు చాపి బిగుసుకుపోయారు. శవం పాఠం. పంతానికే చూపిస్తున్నాడు, అనుకుని మొహం తిప్పేసుకుంది.

ముసలాయన మాస్కు సర్దింది. పట్టీ బిగించింది. మళ్ళీ అటు చూసింది.

జంట గొట్టాల్లోంచి ఊపిరి బుస్సుబుస్సుమని వినిపిస్తోంది. ఆయన గొట్టం పక్కకు ఒరిగి ఉంది. దాని మూతి నీళ్ళలో ఉంది. నీటి లాగుడుకు ఆయన మెల్లగా జరుగుతున్నాడు. పాదం పదునైన దిబ్బకు రాసుకుంది. పాదం వెనక్కి తీసుకోలేదు.

"తాతగారూ, ఇక్కడే నిలబడండి" అంది. ఆ తర్వాత, వారం రోజుల్లో మొదటిసారి, "ఏమండీ" అని పిలిచింది. గట్టిగా కాదు. అన్నం వడ్డించాక పిలిచినట్టు.

ఈదుకుంటూ వెళ్ళి వెల్లకిలా తిప్పింది. మాస్కు అద్దం మసకబారలేదు. లోపల కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. జాకెట్ ఆయన్ని మునగనివ్వలేదు. ఆమె వేసిన కుట్టు ఒక్కటీ సడలలేదు. మెడ కింద అరచెయ్యి పెట్టి ఇసుక మేటవైపు లాక్కుపోయింది.

"మాకు చూపిస్తున్నారనుకున్నాం" అంది పెళ్ళికూతురు. ఆ పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి. "మేం కూడా అలాగే... ఆయన పక్కనే..."

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. ఇటు ఆమె ఆయన నోట్లోకి ఊపిరి ఊదింది. పెళ్ళికొడుకు ఈల ఊది ఊది, దూరాన వలలు లాగుతున్న మరపడవను రప్పించాడు. ముసలాయన నీళ్ళలోంచి తనంతట తను వచ్చి, తన తువ్వాలుతో ఆయన పాదాలు తుడుస్తూ కూర్చున్నాడు. తెగిన చోట నెత్తురు రావడం లేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ చేతులు నెమ్మదించాయి. జుట్టు ముడి ఊడి మొహం మీద పడింది. ఏదో చెప్పబోయి ఆమె కళ్ళలోకి చూసింది.

"ఆయనకి చెప్పండి" అంది ఆమె. "మాట్లాడతానని చెప్పండి."

డాక్టరమ్మ వంగి, ఆయన చెవి దగ్గరికి వెళ్ళి, ఆ మాట చెప్పింది.

మరపడవలోకి ముందు ఆయన్ని ఎక్కించారు. ఆమె ముసలాయనకు చెయ్యి అందించింది. పెళ్ళికూతురి జాకెట్ పట్టీ ఊడిపోతే బిగించింది. కయాక్‌లను తాడుతో ఒకదాని వెనక ఒకటి కట్టించింది. వెనక్కి తిరిగి ఇసుక మేట మీద ఎవరూ మిగల్లేదని చూసుకుని, అప్పుడు తను ఎక్కింది. దారంతా సముద్రం అలాగే ఉంది. అద్దంలా, ఒక్క ముడత లేకుండా.

ఆసుపత్రి నుంచి ఆమె ఒక్కతే షెడ్డుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తన కూతురు బయల్దేరింది. వచ్చేసరికి తెల్లవారుతుంది. ఆయన చొక్కా, చెప్పులు తీసుకుపోదామని వచ్చింది. బేసిన్లో వేసిన మాస్కులు కనిపిస్తే కూర్చుని కడిగింది. మంచినీళ్ళతో ఒకసారి, మళ్ళీ ఒకసారి. తీగకు వేలాడదీసింది. మామూలుగా మాట్లాడదామనుకున్న వేళ ఇదే.

మరపడవవాళ్ళు కయాక్‌లను ఇసుక మీదికి లాగి, నీళ్ళు కారిపోయేలా వరసగా బోర్లించి వెళ్ళారు. ఆయనదాన్ని బోర్లించడానికి ఎవరికీ చేతులు రాలేదేమో, అది ఒక్కటే ఆకాశం చూస్తూ ఉంది. లోపల సీటు మీద, ఇంట్లో పాత పరుపు కోసి ఆయన వేసుకున్న స్పాంజి ముక్క. ఇన్నేళ్ళు కూర్చున్న మేర లోతుగా, కాస్త ఎడమ పక్కకు ఒరిగి గుంట పడింది. ఆ గుంటలో పుడిసెడు సముద్రపు నీళ్ళు ఇంకకుండా, కదలకుండా నిలిచి ఉన్నాయి.