చిన్నమ్మి జబ్బు, తవిటయ్య మంట

గిరిసోల మీదుగా పొద్దుటి పాసింజరు బొగ్గుతో నడిచే రోజులవి. తవిటయ్య రెండు వంకాయల గంపలు ఎక్కించుకుని బరంపురం బజారుకి వెళ్లి, మధ్యాహ్నం బండికి ఖాళీ గంపలతో దిగేవాడు. ఆపాటికి తల్లి కూర్మమ్మ అంబలి చల్లార్చి, ఉల్లిపాయ పక్కన పెట్టి, అరుగు మీద కూర్చునేది. బండి వెళ్లిపోయాక కాసేపటిదాకా బొగ్గు పొగా, మొగలిపూల వాసనా కలిసి వచ్చేవి.

ఆ ఏడు కోడలు చిన్నమ్మికి ఏడో నెల. ఆ ఇంటి పెళ్లాల బాధలన్నీ మగవాళ్లకే సోకుతాయని ఊరందరికీ తెలుసు. వేవిళ్లప్పుడు చిన్నమ్మి మిరపకాయ నంజుకుని మూడు పూటలా తింటే, తవిటయ్య రైలు కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకునేవాడు. ఐదో నెలలో అతని కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. స్టేషన్ మాస్టారు కూడా "ఎన్నో నెలరా?" అని అతన్నే అడిగేవాడు.

ఒక బుధవారం తవిటయ్య బజారుకి వెళ్లలేదు. అస్తమానూ దడి వెనక్కి పోయి, పళ్లు బిగించుకుని తిరిగొస్తున్నాడు. చిన్నమ్మి మాత్రం కూనిరాగం తీస్తూ ఇల్లు అలుకుతోంది.

"ఏటైనాదిరా?" అంది కూర్మమ్మ.

"ఏటీ నేదమ్మా."

నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఆమెకి తన పెనిమిటి పోతయ్య కళ్లముందు మెదిలాడు. ఆయనా ఇలాగే దాచాడు. తొలిచూలు, ఎనిమిదో నెల. ఆమె హాయిగా కలుపు తీస్తోంది. పోతయ్య మండు వేసవిలో గొంగళి కప్పుకుని వణికాడు. అడిగితే వేడి చేసిందన్నాడు. ఆరో రోజున ఆమెకి మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. అసలు సంగతి పోతయ్య పదేళ్ల తరవాత చెప్పాడు, గోడ వైపు తిరిగి.

కొడుక్కి ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడు పక్కన కూర్చుని మెల్లిగా చెప్పింది. "మీ అయ్య సిగ్గుపడినాడు. నేకపోతే నీకో అన్న ఉండీవోడు."

తవిటయ్య గోడ వైపు తిరగబోయి, తల్లి వైపే తిరిగాడు. "ఉచ్చకెల్తే మంటమ్మా. నాల్రోజులైనాది. నడుంలో పోటు. నిన్నట్నించీ సలి."

"లెగు. దాన్నీ లెగమను."

పది గంటల బండికి ముగ్గురూ బరంపురం ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ ఒడియా మనిషే అయినా తెలుగు బాగా వచ్చు. "ఎవరికి బాగోలేదు?" అని అడిగింది.

"జబ్బు దీనికమ్మా, బాధ ఈడికి," అంది కూర్మమ్మ.

డాక్టరమ్మ తలూపి, తవిటయ్య చెప్పిందంతా చిన్నమ్మి చీటీలో రాసుకుంది. జ్వరం అతనికి చూసి, మూత్రం ఆమెది పరీక్షకి పంపింది.

"మూత్రంలో చీముంది. వదిలేస్తే మూత్రపిండాలకి పాకుతుంది. తల్లికి ప్రమాదం. నెలలు నిండకుండానే కాన్పొస్తే బిడ్డ నిలవడం కష్టం," అని చిన్నమ్మి వైపు తిరిగింది. "రోజుకి నీళ్లెన్ని తాగుతావు?"

"తక్కువేనండి. పగలు బయటికెల్దామంటే పొలాల్లో మనుసులుంటారు. సీకటి పడీదాకా ఆపుకుంటాను."

కూర్మమ్మకి తన తొలిచూలు గుర్తొచ్చింది. తనూ అలాగే ఆపుకునేది.

చిన్నమ్మికి పది రోజులకి మాత్రలిచ్చారు. మూడో రోజుకే తవిటయ్య గంపలు ఎత్తాడు. "తగ్గిపోనాది కదా, ఇంకా మాత్రలెందుకే?" అన్నాడు చిన్నమ్మితో.

"నీ మంట తగ్గినాది. దాని లోపల ఏటుందో నీకు తెల్సా?" అని కూర్మమ్మ పదో రోజుదాకా కోడలి చేత దగ్గరుండి మింగించింది. ఈలోగా తాటాకులు కొట్టించి, పెరట్లో కోడలికి మరుగుదొడ్డి కట్టించింది. తాగడానికి చెంబుడు నీళ్లు ఎప్పుడూ ఆమె పక్కనే పెట్టేది.

నెలలు నిండాక అదే ఆసుపత్రిలో కాన్పు. తవిటయ్య వరండాలో ఊచలు పట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నందాకా అరిచాడు. నర్సులు అతన్ని తప్పుకుని నడిచారు. లోపల చిన్నమ్మి ఆయాకి పుట్టింటి కబుర్లు చెబుతూ ఆడపిల్లని కంది. బిడ్డ ఏడుపు వరండా చివరిదాకా వినబడింది. కూర్మమ్మ లోపలికి పరుగెత్తింది.

ఇంటికొచ్చాక ఆమె శొంఠీ మిరియాలూ బెల్లమూ నూరి, కాన్పు తరవాత పెట్టే కాయం చేసింది. ఓ ఉండ కోడలికి పెట్టి, ఇంకోటి కొడుకు నోటి దగ్గర పెట్టింది. ఘాటుకి తవిటయ్య మొహం తిప్పుకున్నాడు.

"మింగరా," అంది కూర్మమ్మ. "పచ్చి బాలింతవి."