లోపలి కుర్చీ

"నువ్విచ్చింది మళ్ళీ పెరిగిందిగా, నీకు పోయిందేముంది?" అన్నారు మా ఆయన ఈ ఉదయం. నడుము పట్టేసింది, నీళ్ళ బకెట్టు కాస్త తెచ్చిపెట్టమని అడిగాను, అంతే. ఆరేళ్ళ క్రితం నా కాలేయంలో సగానికి పైగా ఆయనకిచ్చాను. ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. కాలేయం నిజంగానే పెరుగుతుంది. ఆ మాటే నేను ఆసుపత్రిలో రోజూ పదిమందికి చెబుతాను.

అదే నా ఉద్యోగం. కాలేయ మార్పిడికి వచ్చే రోగులకూ, ఇచ్చేవాళ్ళకూ సందేహాలు తీర్చాలి. పెద్ద చదువు లేకపోయినా డాక్టరుగారు నన్ను పెట్టుకున్నది, ఇచ్చి బాగానే తిరుగుతున్న మనిషినని. ఆపరేషన్ ఎన్ని గంటలు, ఎన్నో రోజున నడవచ్చు, ఎన్నాళ్ళు బరువులెత్తకూడదు, అన్నీ నోటికొచ్చు. మరీ భయపడితే కుట్ల మచ్చ చూపిస్తాను. అయితే అక్కడొక నియమముంది. ఇచ్చే మనిషిని తలుపు మూసి, ఒంటరిగా, ఇష్టమేనా అని అడగాలి. కాదంటే ఇంట్లోవాళ్ళకు 'సరిపడలేదు' అని మాత్రమే చెబుతారు. పెద్దావిడను బయట నిలబెడితే ఏం బాగుంటుందని నేను అత్తగార్లకు లోపలే కుర్చీ వేసేదాన్ని. అది మర్యాద అనుకున్నాను.

ఈ రోజు వచ్చిన అమ్మాయి భర్త కాలేయం పాడై పైఅంతస్తు వార్డులో ఉన్నాడు. నేనేమడిగినా కుర్చీలోంచి అత్తగారే జవాబిచ్చారు. భయంగా ఉందా అంటే, మాకేం భయం లేదన్నారు, కోత తనకే పడుతున్నట్టు. చిన్నకొడుకుదీ అదే బ్లడ్ గ్రూపట. కానీ పెళ్ళి కావలసినవాడు, ఒంటి మీద కోతుంటే పిల్లనెవరిస్తారన్నారు. కోడలికి ఎలాగూ పెళ్ళయిపోయిందిగా అని నవ్వారు. అలవాటుగా నేనూ నవ్వాను.

అమ్మాయి నవ్వలేదు. "అక్కా, మీరు ఇష్టపడే ఇచ్చారా?" అంది.

ఇష్టం లేకుండా ఎలా ఇస్తానమ్మా అనే జవాబు నాలుక చివరే ఉంది. ఎంతమందికి చెప్పానో. నా ఆపరేషన్‌కి ముందు నన్నూ ఇలాంటి గదిలోనే అడిగారు. "దాని ఇష్టం వేరే ఏముంటుంది బాబూ" అన్నారు మా అత్తగారు. నేను తలూపాను. ఆయన బతకాలని దేవుణ్ణి వేడుకున్న మాట నిజమే. నాకు భయంగా ఉందని మాత్రం ఆ దేవుడికి కూడా చెప్పుకోలేదు. నా గదిలో, నేను వేసిన కుర్చీ ముందు, అలాగే తలూపిన ఆడవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

లేచి, కాస్త బయట కూర్చోమని పెద్దావిడను అడిగాను. ఆవిడ కదల్లేదు.

"నా ముందు చెప్పకూడనిదేముందమ్మా?"

"మీ ముందు చెప్పలేనిదే నేనడగాలండీ."

ఆవిడ లేచాక కుర్చీ నేనే వరండాలోకి మోసి, వచ్చి తలుపు మూశాను.

"నేను భయపడ్డానమ్మా. ఎవరికీ చెప్పలేదు" అన్నాను. "నువ్వు వద్దంటే సరిపడలేదనే చెబుతారు. నీ మాట ఈ గది దాటదు."

అమ్మాయి మూసిన తలుపు వైపు చూసింది. సందేహాలు తీర్చే నోరు కదా, రెండుసార్లు ఏదో అనబోయి ఆపుకున్నాను.

"ఆయన బతకాలక్కా" అంది చివరికి. "ఇంకెవరూ లేకపోతే నేనే ఇస్తాను. కానీ మా మరిదిని కూడా అడగండి. నన్నడిగినట్టే."

తలుపు తీశాను. లోపల ఏమందని పెద్దావిడ ఆత్రంగా అడిగారు.

"గ్రూపు కలిసిన వాళ్ళందరినీ అడగడం మా నియమమండీ" అన్నాను. "రేపు మీ చిన్నబ్బాయిని పంపండి. మీరూ వస్తే, కుర్చీ ఇక్కడే ఉంటుంది."