దారం లేని సీసా

ఎర్రదారం పెద్దవాడిది, పచ్చదారం రెండోవాడిది, నీలం మూడోదానిది, దారం లేనిది నాలుగోదానిది, పాలసీసాలు మారిపోకూడదని నేనే కట్టాను, నాలుగో రంగు ఇంట్లో లేదు, రేపు కొందాం రేపు కొందాం అంటూ పద్నాలుగు నెలలు గడిచాయి, ఇప్పుడా ఒక్క సీసాలోనే పాలుపోసి సంచిలో పెడుతున్నాను, మూత సరిగా పట్టిందో లేదో, విప్పి మళ్ళీ బిగించి, బయట కారు ఆగే ఉంది, వియ్యపురాలు చెప్పులు కూడా విప్పలేదు, ఒకళ్ళని నేను పెంచుతాను వదినా, మీ అమ్మాయి ఎముకల గూడైపోయింది అంది, నిజమే, ఒక్క కాన్పులో నలుగురు, నా కూతురు నిలబడే కునుకు తీస్తోంది, మరి ఎవర్ని పంపాలంటే అమ్మాయీ అల్లుడూ నా మొహంకేసి చూశారు, చెప్పింది నేనే, నాలుగోదాన్ని తీసుకెళ్ళండి, అది ఏడవదు అన్నాను.

ఏడవదు, ఎవరు ముందు ఏడిస్తే వాళ్ళ నోటికి ముందు సీసా, అదీ మా ఇంటి పద్ధతి, అడగందే అమ్మయినా పెట్టదని నవ్వేదాన్ని, మొదట్లో అదీ ఏడ్చింది, ముగ్గురి గొంతుల కింద పిల్లికూనలా, నా చెయ్యి ఖాళీ అయ్యేసరికి పాలు చల్లారిపోయేవి, తర్వాత మానేసింది, బుద్ధిమంతురాలు అన్నాం, మొన్న ఆస్పత్రిలో నర్సు పేరుపెట్టి పిలిస్తే తల తిప్పలేదు, చెవులు బానే ఉన్నాయి అమ్మమ్మగారూ, ఇంట్లో దీంతో ఎవరు మాట్లాడతారు అని అడిగింది, రోజూ పావుగంట దీన్నొక్కదాన్నే ఒళ్ళో పెట్టుకుని కబుర్లు చెప్పండి అంది, పావుగంటా అని మా అమ్మాయి నవ్వితే నాకు భయమేసింది, అక్కడ గోడమీద, ఏ వయసుకి పిల్లలేం చెయ్యాలో రాసిన కాగితం కూడబలుక్కుని చదివాను, పొట్లాల కాగితాలమీద నేర్చుకున్న చదువు, పేరు పిలిస్తే చూస్తుందా అని రాసుంది, పిలిచిందెవరు, ఇంట్లో అందరికీ అది నాలుగోదే.

వియ్యపురాలు ఎత్తుకుంది, అది ఆమె భుజం మీంచి నన్నే చూస్తోంది, మిగతా ముగ్గురూ గుమ్మం పట్టుకుని ఒకటే గోల, చూశారా వదినా, ఒక్క చుక్క కన్నీరు లేదు, దీనికసలు కొత్తే లేదు అంది ఆవిడ, ఈ మాట నేను ఇదివరకే విన్నాను, నా ఆరో ఏట, ఇంట్లో తొమ్మిదిమందిమని నన్ను పెద్దమ్మకి ఇచ్చేసిన రోజు, బండి ఎక్కించి మా అమ్మ అంది, ఇది గట్టిపిల్ల, ఏడవదు, అప్పట్నుంచీ ఎవరు గుమ్మం దాటినా మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను, ఎందుకో పైకి చెప్పను, గట్టిపిల్లని కదా, కారు కదిలింది, సంచి నా చేతిలోనే ఉండిపోయింది, సీసా ఇంకా వెచ్చగానే ఉంది, దాన్ని పిలుద్దామని నోరు తెరిస్తే పేరు రాలేదు, కిటికీలో ఆ మొహం, ఏమీ అడగని మొహం, ఆవేళ నేనెందుకు ఏడవలేదో ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు, ఏడ్చినా ఎవరూ రారని నాకు అప్పటికే తెలుసు.